పై గది ప్రాణికి పళ్ళు

జనవరి 9

మామయ్యకి,

గుడ్లగూబ నమస్కారాలు. నువ్వు పెట్టిన పేరే కాబట్టి సంతకం దాకా దాచకుండా ముందే రాసేస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నేను విషయం సగం చెప్పేసరికి నువ్వు "సరే గానీ, అమ్మతో మాట్లాడావా" అని అడ్డం పడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదివి తీరాలి.

పని మీద రాస్తున్నాను. నాకొక పళ్ళ సెట్టు కావాలి. నా పళ్ళకేం ఢోకా లేదు, కంగారుపడకు. నా సినిమాలో ఒక ప్రాణికి కావాలి.

కథ చెబుతాను, నవ్వకు. ఎక్కడో పైనుంచి ఒక ప్రాణి మన మధ్యకి వస్తుంది. వచ్చే ముందు ఏళ్ళ తరబడి మనల్ని దూరం నుంచి గమనించింది. నడక, జుట్టు, దగ్గు, చేతులు తిప్పుతూ మాట్లాడటం, అన్నీ చూసి నేర్చుకుంది. ముసలావిడ రూపంలో ఒక ఇంటి పై గదిలో అద్దెకి దిగుతుంది. ఎవరికీ అనుమానం రాదు. ఒకటే లోటు. మనుషుల నోటి లోపల ఏముంటుందో దానికి తెలియదు. దూరం నుంచి చూస్తే నోళ్ళు మూసే ఉంటాయి, తెరిచినా లోపల చీకటే కదా. అందుకని లోపలిదంతా ఊహించి చేసుకుంది. ఎక్కడ తప్పు చేశానో అన్న బెంగతో నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. కింది వాటాలో ఒక చిన్నపిల్ల ఉంటుంది. ఆ చెయ్యి వెనక ఏముందో చూడాలని ఆ పిల్ల ఆరాటం. అంతే సినిమా. ఎవరూ చావరు, ఎవరూ ఎవర్నీ తరమరు.

కాబట్టి నాకు కావలసినవి పళ్ళంటే ఏమిటో దగ్గర్నుంచి చూడనివాళ్ళు చేసినట్టున్న పళ్ళు. ప్రాణి వేషం వేసేది నాటకాల్లో చాలా కాలం చేసిన పెద్దావిడ. ఆవిడకి సొంత పళ్ళు ఒక్కటీ లేవు, ఉన్న సెట్టు తీసి రుమాల్లో చుట్టుకుని రిహార్సల్‌కి వస్తుంది. ఇక్కడి పళ్ళ డాక్టరు చేత ఆవిడ చిగుళ్ళ అచ్చు తీయించి ఈ పార్సిల్లో పెట్టాను. మిగతాది నీ దయ.

అమ్మ నా ఫోన్ ఎత్తడం లేదు. హాస్పిటల్ మందుల దుకాణంలో ఉద్యోగం మానేస్తే ఇంత కోపం వస్తుందనుకోలేదు. అసలు ఫోన్లో చివరిసారి ఒకే మాట అడిగింది, "దయ్యాల సినిమాలు తియ్యడానికా నిన్ను చదివించింది" అని. దయ్యం లేదమ్మా అని చెప్పేలోపు పెట్టేసింది. నువ్వయినా చెప్పు.

నీ మేనకోడలు

జనవరి 20

గుడ్లగూబా,

నువ్వూ, నీ గుడ్లూ, నీ ప్రాణీ కులాసా అనుకుంటాను. ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా, కుర్చీలో కూర్చున్నాక నోరు తెరవనని మొరాయించే నా పేషెంట్లూ అందరం బాగున్నాం.

ఇన్నాళ్ళ నా ప్రాక్టీసులో మంచి పళ్ళు చేసిపెట్టమన్నవాళ్ళే గానీ చెడ్డ పళ్ళు కావాలని అచ్చు పంపినవాళ్ళు లేరు. నువ్వే బోణీ. మేనకోడలు అడిగితే కాదంటానా, చేసి పంపుతున్నాను. పైన రెండు కోరలు, కింద వరసంతా రంపంలా పెట్టాను. కాస్త పసుపు రంగు కూడా కలిపాను. మీ అత్తయ్య చూసి చేతిలో టీ కప్పు కింద పెట్టేసింది, కాబట్టి బాగానే కుదిరాయనుకుంటున్నాను.

అడక్కపోయినా ఒక మాట చెబుతాను. నాకీ భయపెట్టే సినిమాల మీద పెద్ద గౌరవం లేదు. పిల్లి దూకుతుంది, దీపం ఆరిపోతుంది, వెనక నుంచి ఎవడో భుజం మీద చెయ్యి వేస్తాడు. అది ఉలికిపాటు, భయం కాదు. భయమంటే ఏమిటో చూడాలంటే నా క్లినిక్కు బెంచీ మీద కూర్చున్నవాళ్ళని చూడాలి. పనిముట్లు చూస్తే జనం బెదిరిపోతున్నారని ఒకప్పుడు ట్రే మీద తెల్ల గుడ్డ కప్పడం మొదలుపెట్టాను. కప్పినప్పటి నుంచీ ఇంకా ఎక్కువ బెదురుతున్నారు. తీసేద్దామంటే ఇప్పుడు గుడ్డ తీసే క్షణానికే కళ్ళు తిరిగేలా ఉన్నారు.

ఇక మీ అమ్మ సంగతి. మా అక్క మాట్లాడకపోవడం నీకు కొత్తేమో గానీ నాకు కాదు. చిన్నప్పుడు తన పెన్సిల్ నేను కొరికానని వేసవి సెలవలన్నీ నాతో మాట మానేసింది. హెడ్మిస్ట్రెస్ అయ్యాక ఆ విద్యకి ఇంకా పదునొచ్చింది. స్కూల్లో ఆవిడ ఊరుకుంటే చాలు, పిల్లలు తప్పులు తామే ఒప్పుకుంటారట. శనివారం సాయంత్రాలు క్లినిక్కుకి వచ్చి టీ తాగి వెళుతుంది కదా, సమయం చూసి కదిలిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య

ఫిబ్రవరి 2

మామయ్యా,

నీ కోరలు తిప్పి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకు. పెద్దావిడ పెట్టుకోగానే కింది పెదవి తెగింది. ఆ తరవాత ఏ మాట పలికినా ఈల వచ్చింది. మా కెమెరా అబ్బాయి నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. కానీ తిప్పి పంపడానికి అసలు కారణం అది కాదు. నువ్వు పంపినవి భయపెట్టాలనుకున్నవాళ్ళ పళ్ళు. నా ప్రాణికి ఎవర్నీ భయపెట్టాలని లేదు మామయ్యా, అందరిలో కలిసిపోవాలని ఉంది. పాపం అది ఎంతో శ్రద్ధగా చేసుకుంది, కాకపోతే తెలియక చేసుకుంది.

నీ తెల్ల గుడ్డ సంగతి మాత్రం మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. నేను ఇన్నాళ్ళూ చెప్పలేక కొట్టుకుంటున్నది నువ్వు ట్రేలో పెట్టి ఇచ్చావు. ఇలాంటి సినిమాలు ఎందుకిష్టం అని అడిగినవాళ్ళకి నేనెప్పుడూ సరైన జవాబు చెప్పలేదు. నీకు చెప్పి చూస్తాను. మామూలు సినిమాలో ఎవరు మంచి, ఎవరు చెడ్డ, చివరికి ఏమవుతుంది, మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. తరవాతంతా నేనే వాళ్ళకన్నా ముందు నడుస్తుంటాను. ఈ వింత సినిమాలు నా చేతిలోంచి ఆ తెలివిని లాగేసుకుంటాయి. తెలిసిన ఇల్లే, తెలిసిన మొహమే, ఉన్నట్టుండి కొత్తదైపోతుంది. అప్పుడు నాకు పారిపోవాలనిపించదు. ఇంకాస్త దగ్గరికి జరిగి చూడాలనిపిస్తుంది.

మాటలెందుకు, నువ్వే వెళ్ళి చూడు. మీ బస్టాండు వెనక చిన్న హాల్లో బుధవారం మధ్యాహ్నం ఆట ఇలాంటివే వేస్తారు. నేను కాలేజీ ఎగ్గొట్టి చూసినవన్నీ అక్కడివే, ఇప్పుడు చెప్పినా కొట్టవు కదా. అత్తయ్యని కూడా తీసుకెళ్ళు. చూసొచ్చాక ఇంకో సెట్టు చెయ్యి. తొందర చేస్తున్నందుకు తిట్టుకో, కానీ వచ్చే నెల మొదట్లో షూటింగు పెట్టుకున్నాను.

అమ్మ ఏమంది?

గుడ్లగూబ

ఫిబ్రవరి 24

కాలేజీ ఎగ్గొట్టిన దానికి,

కొట్టను గానీ గుర్తుపెట్టుకుంటాను.

నీ మాట మీద బుధవారం క్లినిక్కు మూసి రెండు సినిమాలు చూశాం. మొదటిదాంట్లో ఒకడు అంతరిక్షంలో ఒంటరిగా కూర్చుని ఒక మొక్కకి నీళ్ళు పోస్తుంటాడు. పోస్తూనే ఉంటాడు. హాల్లో చల్లగా ఉంది, నా తప్పేం లేదు, నిద్ర పట్టేసింది. లేచేసరికి పక్కన మీ అత్తయ్య కొంగు కళ్ళకి అద్దుకుంటోంది. ఏమైంది, వాడు పోయాడా అని అడిగాను. "మొక్క ఆకు వేసింది, మీరు నిద్రపోయారు" అంది. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆకు వేస్తే ఏడవడం ఏమిటో నాకు అర్థం కాలేదు, కానీ ఆవిడ మర్నాడు పొద్దున్నే మా వంటింటి కిటికీలో కుండీకి నీళ్ళు పోస్తూ చాలాసేపు నిలబడింది.

రెండో బుధవారం నిద్రపోలేదు. ఒక కుటుంబం ఉంటున్న ఇంట్లో ఒకరోజు ఒక గది ఎక్కువ కనబడుతుంది. నిన్నటిదాకా లేని తలుపు. ఎవరూ తెరవరు. ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు కూడా. తలుపు పిడి మీద దుమ్ము మాత్రం రోజూ తుడుస్తారు. కొన్నాళ్ళకి భోజనాల బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెట్టడం మొదలవుతుంది. అంతే, అయిపోయింది. హాల్లో నాకేమీ భయం వెయ్యలేదు. ఇంటికొచ్చి తాళం తీశాక మాత్రం మన ఇంట్లో గదులు లెక్కపెట్టుకున్నాను. మీ అత్తయ్య చూడకుండా.

రెండో సెట్టు ఈ పార్సిల్లో ఉంది. నా తల ప్రాణం తోకకొచ్చిందనుకో. తెలియనివాళ్ళు చేసిన పళ్ళు చెయ్యమంటే నాకు తెలిసిందంతా ఎక్కడ పెట్టను? ఒకటి వంకరగా పేరుస్తాను, రెండోది పేర్చేసరికి చెయ్యి మొదటిదాన్ని సర్దేస్తుంది. ఎన్నిసార్లు మైనం కరిగించి మళ్ళీ మొదలుపెట్టానో. ఆఖరికి విసుగొచ్చి చేతికే వదిలేశాను. దాని ఇష్టమొచ్చినట్టు అది పేర్చింది. నీకు కావలసినంత వింతగా లేవేమో గానీ పెదవి తెగదు, మాట బాగా పలుకుతుంది, హాయిగా నమలొచ్చు. ఇంతకన్నా చెడ్డ పళ్ళు చెయ్యడం నా వల్ల కాదు.

మీ అమ్మకి నీ సినిమా కథ చెప్పాను. పై గదిలో అద్దెకి దిగడం దాకా బాగానే వింది. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది అని చెప్పేసరికి టీ సగంలో వదిలేసి లేచింది. స్కూలు పని ఉందంది, శనివారం సాయంత్రం. ఉద్యోగం మానేసిన కోపం ఇంకా చల్లారలేదని నాకర్థమైంది. ఇంకొంచెం ఓపిక పట్టు.

మామయ్య

మార్చి 11

మామయ్యా, మామయ్యా,

నీకు ఏ నోటితో కృతజ్ఞతలు చెప్పాలి. నువ్వు ఇంత పని చేస్తావని కల్లో కూడా అనుకోలేదు.

నిన్న పై గది మెట్ల మీద షాటు. పెద్దావిడ నీ సెట్టు పెట్టుకుని అద్దంలో కూడా చూసుకోకుండా వచ్చి నిలబడింది. కెమెరా తిరుగుతోంది. పిల్ల కింది మెట్టు మీద నుంచి అడుగుతుంది, ఆవిడ చెయ్యి తీసేసి నవ్వాలి. తీసింది, నవ్వింది. ఆ పైవరస నడిమి పళ్ళు రెండూ, వాటిలో ఒకటి రెండోదాని మీదికి కాస్త ఎక్కి, పక్కన ఆ చిన్న సందు. అమ్మ నవ్వు. ఎవరిదో మొహంలో మా అమ్మ నవ్వు. నేను ఆపమని చెప్పడం మరిచిపోయాను. పెద్దావిడ అలా నవ్వుతూనే నిలబడి ఉంది. తరవాత మా కెమెరా అబ్బాయి, కోరలు చూసి నవ్విన వాడే, "అక్కా, ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు, మరి నాకెందుకిలా ఉంది" అన్నాడు. ఇంతకన్నా నాకేం కావాలి?

ఇప్పుడు చెప్పొచ్చు. ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం అమ్మ దగ్గర్నుంచే తీసుకున్నాను. నువ్వది కనిపెట్టి, పళ్ళు కూడా అమ్మవే చేసి పంపావు. అమ్మని అడక్కుండా ఈ పని చేసి ఉండవు. అంటే అమ్మ సరేనంది. కోపం తగ్గిందన్నమాట. నాకు చెప్పకుండా ఇద్దరూ కూడబలుక్కుని ఇలా కానుక పంపారని తెలిసి నిన్న రాత్రి ఆనందంతో ఏడ్చాను. వెంటనే అమ్మకి కార్డు రాసి పోస్టు చేశాను. "నీ నవ్వు నా ప్రాణికి ఇచ్చావు, నీ పళ్ళు ఆవిడకి అచ్చంగా సరిపోయాయి" అని.

చివరి ఘట్టం మార్చి రాస్తున్నాను. ఈ పళ్ళు చూశాక పాత ముగింపు దండగ.

నీ గుడ్లగూబ

మార్చి 19

తల్లీ,

ఎంత పని చేశావు. అసలు నువ్వు చేసిందేముంది, అంతా నేను చేసిన నిర్వాకం. కింద కూర్చుని చదువు.

మీ అమ్మ నిన్న వచ్చింది. శనివారం కాదు. బెంచీ మీద పేషెంట్లు ఉండగానే లోపలికొచ్చి నీ కార్డు నా ముందు బల్ల మీద పెట్టింది. నువ్వు పొరపాటుపడ్డావు. మీ అమ్మ సరేననలేదు, నేను అడగనూ లేదు. ఆ పళ్ళు ఎవరివో నీ ఉత్తరం వచ్చేదాకా నాకే తెలియదు.

నీకు గుర్తుండని సంగతి ఒకటుంది. మీ నాన్న పోయిన మరుసటి ఏడు మీ అమ్మకి చిగుళ్ళ జబ్బు ముదిరింది. పళ్ళన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. నేనే తీశాను. అప్పటికామె వయసెంతని, అందులో పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం. తీసేముందు ఉన్న వరస ఉన్నట్టు అచ్చు తీసుకుని, ఆ వంకర, ఆ సందు, అన్నీ అలాగే వచ్చేలా సెట్టు చేశాను. ఎవరూ కనిపెట్టలేదు. అరిగినప్పుడల్లా మళ్ళీ అదే వరస చేసిస్తూ వచ్చాను. ప్రపంచంలో నా చెయ్యి కళ్ళు మూసుకుని పేర్చగలిగిన వరస అదొక్కటే. విసుగొచ్చి చేతికి వదిలేశానని రాశాను కదా. అది చేసిన ఘనకార్యం ఇది.

ఇదంతా మీ అమ్మకి చెప్పాను, కావాలని చెయ్యలేదని. వినిపించుకోలేదు. మెల్లగా మాట్లాడింది, నీకు తెలుసు కదా ఎంత మెల్లగా మాట్లాడితే అంత కోపం. "దానికి ఏడేళ్ళప్పుడు పళ్ళు లేకుండా నన్ను చూసి ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ రోజు నుంచి దాని ముందు నోరు తెరిచి నవ్వలేదు నేను. ఇప్పుడు సినిమా తీసి అందరిచేతా అరిపిస్తుంది కాబోలు" అంది. పాత అచ్చు ఎక్కడుందని అడిగింది. తీసి ఇచ్చాను. సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

నేను పొద్దున లేచింది మొదలు జనం నోళ్ళలోకి చూసే మనిషిని. మా అక్క నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ గమనించలేదు. ఉద్యోగం మానేసినందుకు కోపమని నీకు రాస్తూ వచ్చాను. ఆవిడ బాధ ఉద్యోగం కాదు. నువ్వు తీసే ప్రాణి తనేనని కథ విన్న రోజు నుంచీ అనుకుంటోంది, ఇప్పుడు రుజువు కూడా నేనే చేసి పంపాను.

ఆ సెట్టు వెనక్కి పంపు. ఇంకోటి చేస్తాను, ఈసారి ఇంకెవరి చేతైనా చేయిస్తాను. పళ్ళు కనబడిన ఘట్టాలు మళ్ళీ తియ్యి. మా అక్క ఈ వయసులో ఎవరికీ కనబడకుండా దాచుకున్నదాన్ని తెర మీద పెట్టకు. ఇంతకన్నా గట్టిగా చెప్పే అర్హత నాకు లేదు.

మామయ్య

మార్చి 27

మామయ్యా,

నువ్వు నన్ను నేను తట్టుకోలేనంత దయగా తిట్టావు.

పళ్ళు మార్చడం కుదరదు. షూటింగు అయిపోయింది, మేం తీసుకున్న ఇంట్లో వేరేవాళ్ళు దిగారు, పెద్దావిడ నాటకం బృందంతో ఊళ్ళు తిరుగుతోంది. కుదిరేదల్లా ఒకటే, సినిమా ఆపెయ్యడం. దీని కోసం నేనేం వదులుకున్నానో నీకు తెలుసు. ఇంకో సినిమా తియ్యమని నా చేతికి కెమెరా ఇచ్చేవాళ్ళు ఉంటారన్న నమ్మకం కూడా లేదు. అయినా అమ్మకి రాశాను. ఎవరికీ చూపించకముందు నువ్వొక్కదానివే వచ్చి చూడు, వద్దంటే డబ్బా మూత బిగించి అటక మీద పెట్టేస్తాను అని. బెదిరింపుగా రాయలేదు, నువ్వు కూడా అలా చెప్పకు.

నీకు గుర్తుండని సంగతి అని రాశావు. అమ్మకి పళ్ళు లేవని నాకు ఏడేళ్ళప్పటి నుంచీ తెలుసు. అమ్మ ఇష్టపడదని ఎవరికీ చెప్పలేదు. నేను అరిచింది కూడా నాకు బాగా గుర్తుంది. ఎందుకు అరిచానో నీకు రాయను. అలిగి కాదు. అమ్మా నేనూ ఇన్నాళ్ళూ నీ చేత మాట్లాడించుకున్నాం, ఇదిగో ఇక్కడిదాకా వచ్చింది. ఈ ఒక్క మాటా అమ్మకే చెప్పాలి, అమ్మ మొహం చూస్తూ చెప్పాలి. రాకపోతే చెప్పకుండానే ఉండిపోతాను.

నువ్వు బాధపడకు. నీ చేతిని నేనేమీ అనను. అది అమ్మని మరిచిపోలేకపోయింది, అంతే.

గుడ్లగూబ

ఏప్రిల్ 8

గుడ్లగూబా,

తొందరగా రాస్తున్నాను, లోపల ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు.

నీ ఉత్తరం మీ అమ్మకి చేరింది. ఏమనుకుంటోందో నాకు తెలియదు, నాతో మాట్లాడితే కదా. కానీ మీ అత్తయ్యతో మాట్లాడుతోంది. పోయిన బుధవారం వచ్చి, "మీరు చూసే ఆ సినిమాలు ఎలా ఉంటాయి" అని అడిగిందట. అత్తయ్య ఇంకేమీ చెప్పకుండా చెప్పులు వేసుకుని హాలుకి తీసుకెళ్ళింది. ఆ ఎక్కువ గది సినిమానే మళ్ళీ వేశారు. అత్తయ్య చెప్పడం, అక్క మొదటి నుంచీ కుర్చీ అంచున కూర్చుందట. చివర్లో వెనక వరసకి కూడా వినబడేలా, "ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళూ వెళ్ళి తలుపు తియ్యరేమిటి" అందట. హెడ్మిస్ట్రెస్ గొంతుతో. ముందు వరసలో ఎవరో సిగరెట్టు ఆర్పేశాడట.

ఇవాళ పొద్దున స్కూల్లో ఫోన్ చేస్తే సెలవు పెట్టారని చెప్పారు. సర్వీసులో ఆవిడ సెలవు పెట్టడం నేనెరగను. ఇంటికి తాళం ఉంది.

నీ దగ్గరికే అయి ఉండాలి, నీ ఫోనేమో కలవడం లేదు. కాకపోతే వెంటనే ఫోన్ చెయ్యి.

మామయ్య

ఏప్రిల్ 16

మామయ్యా,

నా దగ్గరికే వచ్చింది. అదే రోజు ఫోన్ చేసి చెప్పాను కాబట్టి నీ కంగారు తీరింది, కానీ ఫోన్లో అమ్మ పక్కనే ఉంది, ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు చదువు.

పొద్దున్నే తలుపు తీస్తే చిన్న సంచితో నిలబడి ఉంది. లోపలికి రాగానే గదంతా చూసి, పుస్తకాల మీద దుమ్ము ఉందని చెప్పింది. ఎలా వచ్చావు, ఎందుకొచ్చావు అని నేను అడగలేదు. టీ తాగాక "ఏదీ, చూపించు" అంది.

మేం ఎడిటింగు చేసుకునే గది తెలుసు కదా, పరదా లాగితే నాలుగు కుర్చీలు పట్టే చోటు. అమ్మని కూర్చోబెట్టి నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ తల వెనక భాగం తప్ప నాకేమీ కనబడలేదు. పెద్దావిడ పై గదిలో దిగింది, అమ్మ కదలలేదు. పిల్ల మెట్ల మీద ఆడుకుంది, కదలలేదు. పెద్దావిడ చెయ్యి తీసి నవ్వింది. అమ్మ చెయ్యి తన నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ముగింపు మార్చి రాశానని చెప్పాను కదా, అది నీకు చెప్పలేదు. నవ్వాక పిల్ల ఇంకో మెట్టు ఎక్కుతుంది. అప్పుడు ప్రాణి మెల్లగా పళ్ళు తీసి అరచేతిలో పెట్టుకుంటుంది. మొహమంతా లోపలికి ముడుచుకుపోతుంది, ఇంకెవరిదో అయిపోతుంది. పిల్ల అరవదు. ఇంకో మెట్టు ఎక్కి, మొహంలో మొహం పెట్టి చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. అంతే.

సినిమా అయిపోయాక నేను లైటు వెయ్యలేదు. అమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ పిల్ల అరవదేం?"

"అరిస్తే ఆవిడ భయమనుకుంటుందని."

"నువ్వు అరిచావు."

"మళ్ళీ చెయ్యమని అరిచానమ్మా. నువ్వు తలుపేసేశావు."

అమ్మ తిరిగి నా వైపు చూసింది. నేను మిగతాది కూడా చెప్పాను. ఆ రోజు బాత్‌రూం తలుపు సందులోంచి చూస్తే మా అమ్మ మొహంలోంచి ఒక చంటిపిల్ల మొహం, ఒక ముసలావిడ మొహం రెండూ ఒకేసారి వచ్చాయని. అంత వింత నేనెప్పుడూ చూడలేదని. అది కూడా మా అమ్మేనని తెలిసి సంతోషం పట్టలేక అరిచానని. తరవాత ఎన్నో రోజులు ఆ తలుపు దగ్గరే కూర్చున్నానని, ఇంక తెరుచుకోలేదని. నేను బస్టాండు వెనక హాల్లో కూర్చుని ఇన్నేళ్ళూ వెతుక్కున్నది అదేనని. ఇంత గబగబా, ఇంత మూర్ఖంగా నా జన్మలో మాట్లాడలేదు. అమ్మ అడ్డుపడలేదు. నేను ఆగాక, ముసలావిడ మెట్లు దిగడం బాగా తీయలేదని అంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అలా దిగరట, పక్కకి తిరిగి దిగుతారట. తరవాత లేచి పరదా తనే తీసింది.

"చూపించుకో. ఎక్కడ చూపించినా నాకు ముందు చెప్పు, నేనూ వస్తాను" అంది.

దారిలో నీ ప్రసక్తి వచ్చింది. "వాడి చేతిలో వరస అలా ఉండిపోయిందంటే నేనేం చేస్తాను" అంది. అది క్షమాపణో ఫిర్యాదో నాకు తెలియదు, నువ్వే తేల్చుకో. శనివారం వస్తుందట, టీ పెట్టించమంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బాత్‌రూంలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. బయటికొచ్చి, పళ్ళు వేసిన నీళ్ళ గ్లాసు కిటికీలో పెట్టి, నా మంచం మీద వెల్లకిలా పడుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. స్కూలు సంగతులు, అత్తయ్య సంగతులు, అంతరిక్షంలో ఆ మొక్క సినిమా మళ్ళీ ఎప్పుడు వేస్తారో కనుక్కోమని. సగం మాటలు నాకు అర్థం కాలేదు, అయినా ఆపి అడగలేదు. మధ్యలో ఒకసారి దేనికో నవ్వింది, రెండు చేతులూ తల కింద పెట్టుకునే ఉంది. నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను.

నీ గుడ్లగూబ